తెర మీద లేనిది

1955 మార్చి 2, బుధవారం. కోడుమూరు.

డేరా వేశారు. ఊరికి పడమటి పక్క, జొన్న కోసేసిన చేలో. మోళ్ళు ఇంకా అట్లాగే ఉన్నాయి. నేల క్లాసు వాళ్ళ పిర్రలకు దేవుడే దిక్కు. ఎలక్షన్ల గోల అయిపోయింది కాబట్టి ఇక ఈ జనానికి మేమే కాలక్షేపం అని మా ఓనరు పుల్లయ్య సంబరపడుతున్నాడు.

సాయంత్రం బస్సు మీద రీళ్ళ పెట్టెలు వచ్చాయి. మళ్ళీ హిందీ బొమ్మే. కొత్త తెలుగు బొమ్మలు పెద్ద ఊళ్ళు వదిలి మాలాంటి టూరింగ్ టాకీసు దాకా రావు. ఈ ఊళ్ళో హిందీ ఎవరికి వచ్చు? అందుకే నేను. రాష్ట్రభాష పరీక్ష పాసై, కడపలో పదేళ్ళు నాటకాల్లో దుర్మార్గుల వేషాలు కట్టి, చివరికి గొంతు తప్ప ఏమీ మిగలని శాంతయ్యను. ప్రొజెక్టరు పక్కన స్టూలు మీద కూర్చుని, బొమ్మ సౌండు తగ్గించి, కథ మొత్తం మైకులో తెలుగులో చెప్పడం నా పని. కామెంటేటరు అని పుల్లయ్య అంటాడు. ఊళ్ళలో మైకుసామి అంటారు.

ఆపరేటరు ఖాజా, నేను కలిసి రీళ్ళు వేసి చూశాం. కథ మామూలే. ఏడో రీల్లో జమీందారు మేనల్లుడు ఒక కూలి మనిషిని గాదె గదిలోకి లాగి తలుపు వేస్తాడు. ఆమె ఒక్కసారి దేవుణ్ణి పిలుస్తుంది. అక్కడ సెన్సారు వాళ్ళు కోసేశారు. కోసిన చోట ఎవరో నల్ల ఫిల్ము అతికించారు. అర నిమిషం తెర మీద ఏమీ ఉండదు. తర్వాత కోడి కూస్తుంది.

ఆ అర నిమిషం నువ్వు కూడా ఊరుకో అన్నాడు ఖాజా. వీడికేం తెలుసు? డేరాలో అర నిమిషం సైలెన్స్ అంటే సోడా సీసాలు లేస్తాయి.

మార్చి 4, శుక్రవారం

మొదటి ఆట. డేరా కిటకిట.

ఏడో రీలు వచ్చింది, తెర చీకటైంది. ఖాజా మాట మన్నించి ఒక క్షణం ఊరుకున్నాను. ఇంజను ఆగిపోయిందేమప్పా అన్నాడు మగవాళ్ళ వైపు నుంచి ఎవడో. నవ్వులు మొదలయ్యాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను స్టూలు మీద ఉండగా ఆట నవ్వులపాలు కావడమా? మైకు దగ్గరికి లాక్కుని అందుకున్నాను. పులి, లేడి అంటూ వాడి పట్టు, ఆమె పెనుగులాట, చిరిగింది ఏది, జారింది ఏది, ఒక్కటీ వదల్లేదు. తెర మీద లేనిదంతా నా నోట్లోంచి వచ్చింది. ఈలలే ఈలలు. బొమ్మలో హీరోకి కూడా అన్ని ఈలలు పడలేదు.

గుడ్డ అడ్డానికి అవతల, ఆడవాళ్ళ వైపు, చప్పుడు లేదు. కథలో లీనమైపోయారనుకున్నాను.

మార్చి 5, శనివారం

ఇవాళ కొత్త మాట తోచింది. "చూడలేక దీపం సిగ్గుపడి ఆరిపోయింది." డేరా లేచిపోయింది.

మార్చి 8, మంగళవారం

దుమ్ము లేవకుండా డేరాలో పొద్దున్నే నీళ్ళు చల్లి ఊడ్చే మనిషి పేరు గిడ్డమ్మ. పాతికేళ్ళుంటాయి. మొగుడు తుంగభద్ర కాలవ పనికి పోయి ఆ పక్కనే ఇంకో సంసారం పెట్టుకున్నాడట. తల్లి ఈరక్కతో ఉంటుంది. మిగతా పొద్దంతా కూలి. ఊడ్చినందుకు రోజూ ఆట చూడనిస్తాడు పుల్లయ్య.

నాలుగు రోజుల్లో నా వ్యాఖ్యానం మొత్తం ఈమెకు నోటికి వచ్చేసింది. చీపురు మైకులా పట్టుకుని, నా గొంతుతో, నా దీర్ఘాలతో, నేను మధ్యలో దగ్గే దగ్గుతో సహా దించేసింది. కడుపు చెక్కలయ్యేట్టు నవ్వాను. ఏడో రీలు మాత్రం చెప్పలేదు. అక్కడికి వచ్చేసరికి చీపురు నేలకు దించి గట్టిగా ఊడ్చుకుంటూ పోయింది.

ఇన్ని మాటలు నువ్వు యాడ దాచిపెట్టుకుంటావని అడిగింది. తన ఇంట్లో ఉండే మాటలు రెండేనట, నీళ్ళు ఉండాయా, కూడు ఉండాదా.

"పెద్దోళ్ళ ముందర నిలబడి మాట్లాడాలంటే నీ మాదిరి మాట్లాడాల సామీ. మా మాటలు ఎవరు ఇంటారు" అంది.

నాటకాల్లో మెడల్ వచ్చినప్పుడు కూడా ఇంత పొంగిపోలేదు.

మార్చి 10, గురువారం

పురుళ్ళ ఆస్పత్రి నర్సు సుబ్బరత్నమ్మ మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని డేరాకు వచ్చింది. నిన్న ఆట చూసిందట. కూర్చోమన్నా కూర్చోలేదు.

నిజంగా అట్లా జరిగినవాళ్ళకు తను కట్లు కట్టిందట, ముగ్గురికి. ముగ్గురిలో ఒక్కరు కూడా నేను చెప్పినట్టు చెప్పలేదట. ఒకావిడ రెండు రోజుల పాటు గోడ మీద బల్లి గురించే చెప్పిందట. నువ్వు చెప్పేది ఆడదాని నోట విన్నావా, మగవాళ్ళ నోట విన్నావా అని అడిగింది. చెడును చెడ్డగా చూపకపోతే జనానికి ఒళ్ళు ఎట్లా మండుతుందమ్మా అన్నాను. ఒళ్ళు మండినవాడు ఈల వేస్తాడా అంది. గొడుగు తెరుచుకుని పోయింది.

ఈ మనిషి నోటికి దండం పెట్టాలి. నాకు పాఠం చెప్పడానికి వచ్చింది, మహా.

మార్చి 11, శుక్రవారం

నర్సమ్మ సంగతి చెబితే పుల్లయ్య పకపకా నవ్వాడు. సెన్సారు వాళ్ళు కొయ్యకుండా ఉంటే ఏడో రీల్లో నీ అవసరమే లేకపోయేదప్పా అన్నాడు. లోకంలో జరిగేది తెర మీద చూపితే తప్పేముంది, చూసి జనం జాగ్రత్త పడతారు కదా అని అతని వాదన. ఆడవాళ్ళ వైపు రోజురోజుకీ పలచబడుతోందని మాత్రం ఒప్పుకున్నాడు.

ఖాజా ప్రొజెక్టరుకు నూనె పెడుతూ, కొయ్యకుండా ఉంటేనే మేలు అన్నాడు. వీడు కూడా పుల్లయ్య పక్షమా అనుకున్నాను. కాదు. ఉన్నది ఉన్నట్టు వెలుతురులో చూపితే ఈల వేసేవాడు తల దించుకుంటాడు, చీకటి పెట్టి నీ మాటలు పెడితే వాడికి కావలసినట్టు వాడు చూసుకుంటాడు అన్నాడు. ఏడేళ్ళ కింద, నైజాం గొడవల్లో, తుంగభద్ర అవతలి ఊళ్ళో ఒకటి చూశాడట. కళ్ళతో చూసినవాడు ఈల వెయ్యడు అన్నాడు. ఏం చూశావని అడిగితే ఇంజను దగ్గర పనుందని లేచిపోయాడు.

చూపాలా, కూడదా? ఒకరు చూపమంటే ఒకరు వద్దంటారు. ఎటు చూసినా కొంచెం నిజం ఉన్నట్టే ఉంది. ఏదైతేనేం, తెరకు సెన్సారు ఉంది, నా నోటికి లేదు. ఇది రాస్తుంటే కొంచెం ఇబ్బందిగా ఉంది.

మార్చి 13, ఆదివారం

బజారులో టీ తాగుతుంటే నా మాట నాకే వినిపించింది. బిందెతో పోతున్న ఒకావిడను చూసి నరసన్న అన్నాడు, దీపం సిగ్గుపడి ఆరిపోయిందంట అని. ఈ నరసన్న ఊరి పెద్దమనిషి బసవన్నకు తమ్ముడి కొడుకు. రోజూ ముందు బెంచీ వీడిదే. ఆవిడ తల వంచుకుని వేగంగా పోయింది, నీళ్ళు తొణికి చీర తడిసింది. నరసన్న నాకు సలాం కొట్టాడు.

నేనూ కొట్టాను.

మార్చి 15, మంగళవారం

గిడ్డమ్మ రాలేదు. ఊడ్చినవాళ్ళు లేక డేరా నిండా దుమ్ము.

మార్చి 16, బుధవారం

ఇవాళా రాలేదు. దగ్గుకుంటూ కథ చెప్పాను. జ్వరమేమో అన్నాడు పుల్లయ్య.

మార్చి 17, గురువారం. సాయంత్రం.

ఈరక్క వచ్చింది. డేరా లోపలికి రమ్మన్నా రాలేదు, గుంజ పట్టుకుని బయటే నిలబడింది.

సోమవారం మిట్టమధ్యాహ్నం గిడ్డమ్మ జొన్న చొప్ప కట్టడానికి బసవన్న వాళ్ళ చేనికి పోయింది. చొప్పవామి దగ్గర ఎవరూ లేరు. నరసన్న వచ్చాడు. ఇంతే చెప్పింది ఈరక్క. ఇంతకంటే నేనూ అడగలేదు.

"నా బిడ్డ మూల కూచోనుండాది సామీ. కూడు తినదు, నోరు తెరవదు" అంది. ఆదివారం చావిట్లో పంచాయితీ పెట్టించిందట. నలుగురిలో వాడి తప్పు ఒప్పించాలని ఆమె పట్టుదల. ఒప్పించకపోతే తప్పు గిడ్డమ్మ మీదికే వస్తుంది, ఇక ఊళ్ళో ఎవరూ కూలికి పిలవరు, తలెత్తుకుని తిరగనివ్వరు. నేను అక్కడ ఉంటే కూతురికి ధైర్యంగా ఉంటుందట. నా మీద గురి ఎక్కువట.

వస్తానన్నాను. ఆమె పోయాక నా కుడి చెయ్యి చూసుకున్నాను. నాలుగు రోజుల కింద వాడికి సలాం కొట్టిన చెయ్యి ఇదే.

మార్చి 20, ఆదివారం

రాయాలని లేదు. అయినా రాయాలి.

చావిడి నిండా మగవాళ్ళే. బసవన్న అరుగు మీద. నరసన్న గోడకు ఆనుకుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. నేను స్తంభం వెనక నిలబడ్డాను. గిడ్డమ్మను మధ్యలో నిలబెట్టారు. ఏం జరిగిందో నీ నోటితో చెప్పమన్నాడు బసవన్న. మర్యాదగానే అడిగాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆమె చాలాసేపు నేల చూసింది. ఈరక్క వీపు మీద తట్టింది. అప్పుడు తల ఎత్తి, చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.

నా గొంతుతో మొదలుపెట్టింది.

నా దీర్ఘాలు. నేను ఆగే చోట్లు. పులి, లేడి, నేను నాటకాల్లోంచి ఎత్తుకొచ్చిన చెత్త మొత్తం. డేరాలో ఎన్నడూ చెప్పని ఏడో రీలు ఇక్కడ, ఊరి మగవాళ్ళందరి ముందు, ఒక్క మాట పొల్లుపోకుండా ఒప్పజెబుతోంది. పెద్దవాళ్ళ ముందు మాట్లాడాలంటే ఇట్లాగే మాట్లాడాలని నమ్మింది. అంత పెద్ద సంగతికి ఆమె దగ్గర వేరే మాటల్లేవు, నేనిచ్చినవే ఉన్నాయి. ఆపమని అరవాలనిపించింది. స్తంభం వెనకే ఉండిపోయాను. చివరికి ఆ మాట కూడా వచ్చింది.

"చూడలేక దీపం సిగ్గుపడి ఆరిపోయింది సామీ."

బసవన్న నింపాదిగా అడిగాడు.

"మిట్టమద్దేనం చొప్పవామి కాడ దీపం యాడిదే?"

చావిడి విరగబడి నవ్వింది. నరసన్న కూడా నవ్వాడు, పుల్ల కింద పడేసుకుని మరీ. సినిమా చూసి కథ అల్లిందని, నరసన్న మీద నింద వేసిందని, ఇంకోసారి వేస్తే ఊళ్ళో ఉండనియ్యమని తీర్పు. చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

ఈరక్క కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. స్తంభం దాటుతున్నప్పుడు గిడ్డమ్మ నన్ను చూసింది. కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది. సరిగ్గానే చెప్పినా కదా అని అడుగుతున్నట్టు చూసింది.

మార్చి 21, సోమవారం

ఆట ఉంది. ఏడో రీలు వచ్చింది. నోరు దానంతట అదే తెరుచుకుంది, మొత్తం చెప్పాను. ఛీ, నా బతుకు.

మార్చి 22, మంగళవారం

పొద్దున్నే బసవన్న ఇంటికి పోయాను. మజ్జిగ ఇచ్చాడు. మాటలు నావి, వాటితో ఆ పిల్లకు సంబంధం లేదు, జరిగింది మాత్రం నిజం, ఇంకోసారి నిదానంగా వినండి అని చెప్పాను. చెప్పడం బాగానే చెప్పాననుకుంటా. అదే ముంచింది.

నువ్వు చూశావా అని అడిగాడు. లేదన్నాను. నీ సినిమాలో ఆ దీపం ఉందా అని అడిగాడు. లేదు, తెర చీకటిగా ఉంటుందన్నాను. మరి ఎట్లా చెబుతావు అన్నాడు. కల్పించి చెబుతానన్నాను.

"తెర మీద లేంది నువ్వు చెప్తావు, చేన్లో లేంది ఆ పిల్ల చెప్పింది. ఇద్దరూ ఒక బళ్ళో సదువుకున్నట్టుండారే శాంతయ్యా" అన్నాడు.

మజ్జిగ తాగకుండానే వచ్చేశాను. పదేళ్ళు గొంతు అరగదీసి సంపాదించుకున్న పరువు ఇదీ. నిజం చెప్పడానికి పోతే నా నోటికి విలువ లేదు.

మార్చి 23, బుధవారం

ఈ రోజు ఊరుకున్నాను. తెర చీకటైంది, మైకు ఆఫ్ చేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. నాలుగు సెకన్లు, ఐదు. ఎవడో దగ్గాడు. ముందు బెంచీ నుంచి నరసన్న గొంతు లేచింది. పక్కవాడు అందుకున్నాడు. తర్వాత మగవాళ్ళ వైపు మొత్తం, భజనలో లాగా, నా మాటలు నాకే చెప్పడం మొదలుపెట్టారు. దీపం దగ్గరికి వచ్చేసరికి డేరా మొత్తం ఒక్క గొంతు.

నేను నోరు మూసుకుంటే ఆగిపోతుందనుకున్నాను. ఎంత పిచ్చివాణ్ణి.

ఆట విడిచాక పుల్లయ్య పిలిచి, మైకు నోరు మూసుకోవడానికి కాదు అన్నాడు. ఇష్టం లేకపోతే చెప్పు, ఆదోని నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తానన్నాడు. పిలిపించుకో అన్నాను.

మార్చి 26, శనివారం

నిన్న ఉగాది. ఎవరింటికీ పోలేదు. ఇవాళ తల వంచుకుని నర్సు సుబ్బరత్నమ్మ దగ్గరికి పోయాను. ఎత్తిపొడుస్తుందనుకున్నాను. ఎత్తిపొడవలేదు. గిడ్డమ్మను ఆ సోమవారం సాయంత్రమే ఈరక్క తన దగ్గరికి తెచ్చిందని, ఒంటి మీద దెబ్బలన్నీ తను అప్పుడే రాసిపెట్టానని చెప్పింది. ఆడదాని కాగితం చావిట్లో ఎవరు చూస్తారు, కర్నూలుకు పోయి పోలీసు పైఆఫీసరు చేతికే పెటిషన్ ఇవ్వాలి, రాసేవాడు కావాలి అంది. రాస్తానన్నాను. అనుమానంగా చూసింది. ఆమె తప్పు లేదు.

ఇద్దరం ఈరక్క ఇంటికి పోయాం. గిడ్డమ్మ మూలలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. నా తప్పని చెప్పాను. ఇంకా ఏదేదో చెప్పబోయాను, సుబ్బరత్నమ్మ కళ్ళతోనే ఆపింది. గిడ్డమ్మ గోడతోనే మాట్లాడింది.

"నీ మాటలు బాగుండాయని చెప్పినా సామీ. నా మాటలు బాగలేవు."

ఏడుపు ఆగలేదు. నలభై దాటినవాణ్ణి, ముగ్గురు ఆడవాళ్ళ ముందు ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకుని, బాగుండక్కరలేదమ్మా, ఎట్లా ఉంటే అట్లాగే చెప్పు అన్నాను.

చెప్పింది. ఒక మాట చెప్పి ఆగుతుంది. ఎంతసేపైనా ఆగుతుంది. సుబ్బరత్నమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను రాశాను. రాసింది రాసినట్టు చదివి వినిపించాను. మూడో మాట దగ్గర నా కలం ముందుకు పోయింది, అలవాటు. ఆ మాట నేను చెప్పలే అంది గిడ్డమ్మ. కొట్టేశాను. ఆరో మాట దగ్గర మళ్ళీ పోయింది. మళ్ళీ కొట్టేశాను. ఆ తర్వాత పోలేదు.

అన్నీ కలిపి పదకొండు మాటలు. నేను డేరాలో చెప్పిందాంట్లో ఒక్కటి కూడా అందులో లేదు. ఈలకు చోటున్న మాట ఒక్కటీ లేదు. చదువుతూ నేను తల దించుకున్నాను. ఖాజా చెప్పింది ఇదేనేమో.

ఈ డైరీలో అన్నీ రాసుకుంటాను. ఆ పదకొండు మాటలు రాయను. అవి నావి కావు.

మార్చి 27, ఆదివారం

ఆదోని మనిషి వచ్చాడు. కుర్రవాడు, గొంతు బాగానే ఉంది. ఏడో రీలు గురించి పుల్లయ్య వాడికి ముందే చెప్పి పెట్టాడు.

సంచి సర్దుకుంటుంటే ఖాజా వచ్చి ఒక చుట్ట చేతిలో పెట్టాడు. నల్ల ఫిల్ము. రీల్లోంచి కోసేశాడట. ఇవాళ్టి నుంచి తలుపు పడగానే కోడి కూస్తుంది, మధ్యలో ఎవరూ ఏమీ చెప్పడానికి సందు లేదు. ఓనరుకు తెలిస్తే నీ ఉద్యోగం కూడా పోతుంది కదరా అన్నాను. నాది పోతే ప్రొజెక్టరు ఎవరు తిప్పుతారు అన్నాడు.

దాన్ని సంచి అడుగున పెట్టాను. ఎందుకో తెలియదు.

మార్చి 28, సోమవారం. కర్నూలు.

గిడ్డమ్మ, ఈరక్క, నర్సమ్మ, నేను, నలుగురం మొదటి బస్సుకే వచ్చాం. ఆఫీసరు నర్సు కాగితం చదివాడు. నేను రాసింది చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమీ లేదు. ఇంతేనా అని నన్ను అడిగాడు. కేసు నిలబడాలంటే ఇంకొంచెం వివరంగా ఉండాలి అన్నాడు. డేరా మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. నాలుక కొరుక్కున్నాను.

గిడ్డమ్మ నా వెనక నుంచి ముందుకు వచ్చి నిలబడింది. తన గొంతుతోనే చెప్పింది.

"ఇంతే సామీ. మిట్టమద్దేనం. దీపం లేదు."

ఆయన కాగితం మీద కేసు నెంబరు వేశాడు.